బాలశౌరి పొడుగు కారు

ఆ మంగళవారం పొద్దున్న బాలశౌరి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మేనకోడలు ఎలిజబెత్‌ను గుణదలలో తన కారెక్కించడం, బందరు రోడ్డు మీదుగా కూచిపూడి అవతల పెళ్లికొడుకు వాళ్ల ఊరికి తీసుకుపోవడం, గుడి ముందు హారన్ కొట్టి దింపడం, జనం నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే ఏమీ పట్టనట్టు పక్కకి తిరిగి మీసం దువ్వుకోవడం. చివరిదాని కోసమే మిగతావన్నీ అని ఇంట్లో అందరికీ తెలుసు.

"మేమంతా బస్సులో పోతున్నాం కదా బావమరిదీ, పిల్ల కూడా మాతోనే వస్తే పోలా" అన్నాడు ఎలిజబెత్ తండ్రి.

"పెళ్లికూతుర్ని గుడికి తెచ్చేది మేనమామ బావా. బస్సు కాదు" అన్నాడు బాలశౌరి.

మేనమామ హక్కు అంటే మన జిల్లాలో హైకోర్టు కూడా వేలు పెట్టదు. బావగారు భార్యనీ బంధువులనీ వెంటబెట్టుకుని తొలి బస్సుకి వెళ్లిపోయారు. పెళ్లికూతురికి తోడుగా పెద్దమ్మ తెరేసమ్మ మిగిలింది.

ఈ పెళ్లి ఆ రోజు కాకపోతే ఇక కానట్టే. ఇది పందొమ్మిదివందల డెబ్భై ఐదు, ఫిబ్రవరి పదకొండు నాటి మాట. ఒకపక్క గుణదల మాత తిరునాళ్ల. తెల్లవారితే విభూది బుధవారం. అక్కణ్ణించి తపస్సుకాలం, ఈస్టరు వెళ్లేదాకా గుళ్లో తాళి కట్టే మాటే ఉండదు. ఇప్పటికే ఈ పెళ్లి ఒకసారి తుఫానుకీ, ఇంకోసారి పెళ్లికొడుకు తాతగారి చావుకీ వాయిదా పడింది. పెళ్లికొడుకు జీవరత్నం బడిపంతులు, మనిషి మెత్తన. అతని తల్లి మాణిక్యమ్మ మాత్రం మెత్తన కాదు. ఆవిడ మనసు సొంత తమ్ముడి కూతురి మీద ఉంది. కొడుకు అన్నం మానేస్తే ఒప్పుకుంది గాని, ఒక మెలిక పెట్టింది.

"తపస్సుకాలం లోపల అయితే అయినట్టు. కాలేదా, దేవుడికి ఇష్టం లేదనుకుంటాను" అంది.

ఎలిజబెత్‌కి జీవరత్నమంటే ప్రాణం. ఇందులో దాచడానికేమీ లేదు, ఆ పిల్ల కూడా దాచుకోలేదు. అందుకని ముందురోజు నుంచే ఆమెకు అన్నం సయించలేదు.

ఇక కారు సంగతి. అది అమెరికావాళ్ల క్యాడిలాక్, యాభైల్లో తయారైంది. దాని మొదటి యజమాని రాక్ పాటలు పాడే ఒక దొరగారు. ఆయన పేరు మన ఆటోనగర్‌లో ఎవరికీ నోరు తిరగలేదు కాబట్టి జుట్టాయన అనేవారు. జుట్టాయనకు డబ్బు, పేరు ఎక్కువై మనశ్శాంతి తక్కువై, కారును ఓడెక్కించి తనూ ఓడెక్కి మద్రాసులో దిగాడు. అక్కడొక ఆశ్రమంలో శాంతి దొరికింది. దొరికిన సంతోషంలో కారును స్వామివారికి రాసిచ్చి వెళ్లిపోయాడు. అది తాగే పెట్రోలుకు ఉన్న శాంతి కాస్తా పోయి, స్వామివారు దాన్ని పాతసామాన్ల కొట్టుకు తోలారు. లారీ విడిభాగాల వ్యాపారి అయిన మన బాలశౌరి ఒక లారీ ఇంజను కోసం అదే కొట్టుకి వెళ్లి, ఇంజను సంగతి మరిచిపోయి దీంతో తిరిగొచ్చాడు.

లోపల ఊదారంగు మఖమలు సీట్లు, నెత్తిన అద్దాలు, రంగురంగుల దీపాలు, సోడాలు పెట్టుకునే చిన్న ఐసు పెట్టె. కిటికీలకు నల్లటి నీలం అద్దాలు. డ్రైవరుకూ వెనక సీటుకూ మధ్య గాజు గోడ. జుట్టాయన్ని అభిమానులు పీక్కుతినకుండా, తాళం తిప్పితే తప్ప లోపలివాళ్లు కూడా తెరవలేని తలుపులు. ఇవి కాక సీటు పక్కన బోలెడు మీటలు. ఏ మీట దేనికో బాలశౌరికి సగమే తెలుసు. ఆ సగం కూడా తప్పు.

ఇంత కారుకి అలంకారం లేకపోతే ఎలా అని, గుణదలలో పేరున్న పూలాయన్ని పిలిచాడు. ఆయన ఏటా తిరునాళ్లలో మాత తేరును అలంకరించే మనిషి. పని నేర్చిన నాటినుంచీ ఆయన చేసింది ఒకటే అలంకారం, వచ్చింది కూడా ఒకటే. బానెట్ మీద బంతిపూల తోరణాలు, పక్కలకు వెండి కాగితం కుచ్చులు, మూలమూలకీ అరటిపిలకలు, టాపు మీద బ్యాటరీ బల్బులతో పెద్ద నక్షత్రం. బాలశౌరి చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాడు.

"ఎక్కడో చూసినట్టుంది బాబాయ్, కానీ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"ఎక్కడ చూస్తావులే, కారుకి చెయ్యడం నాకిదే మొదలు గదా" అన్నాడు పూలాయన.

పెళ్లికూతురు ఎక్కింది. తెల్ల పట్టుచీర, మొహం మీంచి పాదాలదాకా తెల్లటి వల, తలమీద మల్లెమొగ్గల కిరీటం, చేతిలో జపమాల. తాళి పడేదాకా తలెత్తకూడదనీ, నోరు విప్పకూడదనీ తెరేసమ్మ ముందే గట్టిగా చెప్పి పెట్టింది. చెప్పి, తను ఆ మఖమలు సీటు మెత్తదనానికి ఒరిగి, కారు కదలకముందే నిద్రపోయింది.

కారు కదిలింది గాని వీధి మలుపు తిరగలేదు. ముందు దీపాలు ఒక వీధిలోకి వెళ్లినా వెనక దీపాలు పాత వీధిలోనే ఉండిపోయాయి. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఎదురింటి శేషగిరిరావు మాస్టారు తన వీధిమెట్లు పోతాయేమోనని వాటి మీద కూర్చున్నారు.

"మాస్టారూ, మెట్లు రేపు సిమెంటుతో కట్టిస్తానండీ, కాస్త లేవండి" అన్నాడు బాలశౌరి.

"మీ కారుని రేపు ఇనుముతో పొట్టిగా చేయించుకుని తీసుకురండి, అప్పుడు లేస్తాను" అన్నారు మాస్టారు.

చివరికి ఆయనా లేచారు, మెట్లూ లేచాయి. అప్పటికి ఎండ ముదిరింది. పెళ్లివారి ఊరు చేరడానికి కూడబెట్టిన పెట్రోలులో సగం ఆ వీధి మలుపే తాగేసింది. అసలే పెట్రోలు కరువు రోజులు. కంకిపాడు దాటి, ఆ ఊరు వెనక ఇంకా కనపడుతుండగానే క్యాడిలాక్ రెండుసార్లు దగ్గి, రోడ్డు మధ్యన ఆగిపోయింది.

బాలశౌరి దిగి కారును న్యూట్రల్‌లో వేసి పక్కకు నెట్టబోయాడు. అది ఒక్క మనిషికి కదిలేది కాదు. పిల్ల ఒంటినిండా నగలున్నాయని తలుపులకు తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"అమ్మాయ్, చిటికెలో వస్తా. కదలమాక" అని అద్దంలోంచి అరిచి, డబ్బా పట్టుకుని దారినపోయే సైకిలెక్కి, అడ్డరోడ్డు పట్టి పెట్రోలు బంకు వెతుక్కుంటూ పోయాడు.

ఆయన అటు పోయాడో లేదో, ఇటు ఉయ్యూరు వైపునుంచి జెండాలతో, డప్పులతో, పాటలతో గుణదల యాత్రికులు వచ్చారు. మూడు ఊళ్ల జనం కాలినడకన వస్తున్నారు. వాళ్లకు దిక్కూమొక్కూ లేకుండా నడిరోడ్డు మీద మాత తేరు కనపడింది. అవే తోరణాలు, అవే కుచ్చులు, అదే నక్షత్రం. నీలం అద్దాల వెనక ఊదారంగు వెలుగులో తెల్లటి వలలో, కిరీటంతో, జపమాలతో, తల వంచుకున్న తల్లి. ఆగిపోయిన తేరును చూసి చెయ్యి వెయ్యకుండా పోయే జనం కాదు వాళ్లు.

"ఈ ఏడు తేరు మోటారు మీద పెట్టారన్నమాట" అన్నాడు ఒకాయన.

"మోటారు పెట్టినా ఆగింది చూశారా. తల్లి మన చేత లాగించుకోవాలనుకుంది" అన్నాడు ఉపదేశి ఆమోసు.

ఆమోసు ఆ మూడు ఊళ్లకూ పెద్దదిక్కు. గురువుగారు రాని ఆదివారాలు ప్రసంగం చెప్పేది ఆయనే. దేనికైనా అర్థం చెప్పగలడు. ఆయన అంత మాట అన్నాక ఇంకేముంది, గడ్డి బండి నుంచి మోకులు విప్పారు, బంపరుకు కట్టారు, డప్పులు మోగించారు. క్యాడిలాక్ ముక్కును గడ్డపారలతో ఎత్తి, గుణదల వైపు తిప్పారు.

లోపల ఎలిజబెత్ తలెత్తకూడదన్న మాట కాసేపు నిలబెట్టుకుంది. కారు వచ్చిన దారినే పోతున్నట్టు అనిపించి తలెత్తింది. కంకిపాడు మళ్లీ ఎదురొస్తోంది. తలుపు రాలేదు. అద్దం మీద రెండు చేతులతో బాదింది.

"తల్లి చెయ్యెత్తి దీవిస్తోంది" అన్నాడు ఆమోసు. జనం మోకరించి, లేచి, మరింత జోరుగా లాగారు.

ఎలిజబెత్ పెద్దమ్మను కుదిపింది. తెరేసమ్మ "వచ్చేశామా" అని అటు తిరిగి పడుకుంది. ఇక మీటలే దిక్కు. మొదటి మీట నొక్కితే ఐసు పెట్టె తెరుచుకుంది, ఖాళీ. రెండోది నొక్కితే నెత్తిమీది దీపాలు గిర్రున తిరిగాయి, బయట జనం చేతులు జోడించారు. మూడోదానికి కిటికీ జానెడు దిగి బిగుసుకుపోయింది. ఆ సందులోంచి అరిచిన అరుపు డప్పుల్లో కలిసిపోయింది. నాలుగోది నొక్కాక ఏమీ జరగలేదు. ఆమె నీరసంగా వెనక్కి వాలి, "ఆకలేస్తోంది పెద్దమ్మా" అంది.

ఆ మాట క్యాడిలాక్ ముందు జాలీలోంచి బందరు రోడ్డంతా మోగింది. జుట్టాయన కారు దిగకుండా అభిమానులతో మాట్లాడటానికి పెట్టించుకున్న లౌడ్‌స్పీకరు అది. డప్పులు ఆగిపోయాయి. జనం నిలువునా బిగుసుకుపోయారు. అందరూ ఆమోసు వంక చూశారు. ఆమోసు గొంతు సవరించుకున్నాడు.

"తల్లికి ఆకలేమిటి? బీదల ఆకలే తల్లి ఆకలి. మీ సంచుల్లో ఏమున్నాయో బీదలకు పెట్టండి" అన్నాడు.

అరటిపళ్లు, అటుకులు, అరిసెలు అన్నీ కిటికీ ముందునుంచే దారిపక్క బిచ్చగాళ్లకు వెళ్లిపోయాయి. ఎలిజబెత్ వాటిని కళ్లతో సాగనంపింది. అయినా తన గొంతు బయటకు వినపడుతోందని అర్థమై ప్రాణం లేచొచ్చింది.

"బాబూ, నేను పెళ్లికూతుర్నండీ" అంది.

"తిరుసభ, అంటే మనమంతా, క్రీస్తుకు పెళ్లికూతురు. తల్లి ఆ మాటే గుర్తుచేస్తోంది" అన్నాడు ఆమోసు.

"అయ్యా, మీ పుణ్యముంటుంది, వెనక్కి తిప్పండి"

"విన్నారా? పాపపు దారి వదిలి వెనక్కి తిరగమంటోంది. రేపటినుంచి తపస్సుకాలం గదా" అన్నాడు ఆమోసు. ఇద్దరు ముగ్గురు తాగుబోతులు అక్కడికక్కడ ఏడ్చి ఒట్టు పెట్టుకున్నారు.

"ఈ పెద్దాయన నోరు ఎవరన్నా ముయ్యండి" అంది ఎలిజబెత్, ఏడుపు గొంతుతో.

దీనికి మాత్రం ఆమోసు అర్థం చెప్పలేదు. డప్పుల వెనక్కి వెళ్లి నడిచాడు. కాని అప్పటికి పోరంకి, పెనమలూరు ఊళ్లనుంచి ఇంకా జనం వచ్చి మోకు పట్టుకున్నారు. ఎవరూ ఎవర్నీ ఆపే స్థితిలో లేరు. ఎలిజబెత్ మీట కట్టేసి, వల కింద వెక్కివెక్కి ఏడ్చింది. తన పెళ్లి తన కళ్లముందే దూరమైపోతోంది, అదీ బ్యాండు మేళంతో.

బాలశౌరి పెట్రోలు డబ్బాతో తిరిగొచ్చేసరికి కారు ఉండాల్సిన చోట బంతిపూలు, పేడ ఉన్నాయి. అంత పొడుగు కారు ఎలా మాయమైందో ఆయన బుర్రకు అందలేదు. ఎవరో పుణ్యాత్ముడు పెట్రోలు పోసి పెళ్లివారింటికి తోలుకుపోయి ఉంటాడని తనకు తానే చెప్పుకుని, బస్సెక్కాడు. పెట్రోలు డబ్బాను ఎక్కించనన్న కండక్టరుకు అది పెళ్లివారి నెయ్యి అని చెప్పాడు.

ఆయన డబ్బాతో గుళ్లో అడుగుపెట్టే వేళకు పెళ్లికొడుకు పీఠం దగ్గర నిలబడి నిలబడి కాలు మార్చుకుంటున్నాడు.

"అమ్మాయి వచ్చేసిందా?" అన్నాడు బాలశౌరి.

"నువ్వు కదరా తీసుకురావాల్సింది" అంది ఎలిజబెత్ తల్లి, గుండె పట్టుకుని.

గుడంతా ఒక్కసారి గొల్లుమంది. మాణిక్యమ్మ మాత్రం నెమ్మదిగా లేచి చీర దులుపుకుని, ఎలిజబెత్ తండ్రి వైపు తిరిగింది. "దైవచిత్తం అన్నయ్యగారూ. మనమెవరం?" అంది. ఆవిడ గొంతులో దుఃఖం వెతికినా దొరకలేదు.

గురువుగారు గడియారం చూశారు. మధ్యాహ్నం ఊరిజనంతో గుణదల పోవాలన్నది ఎప్పుడో అనుకున్న సంగతి. "దారిలో వెతుక్కుంటూ పోదాం. రాత్రిలోగా పిల్ల దొరికితే గుణదలలోనే కట్టిద్దాం. దొరక్కపోతే రేపు నేను నుదుట విభూది పెట్టగలను గాని తాళి కట్టించలేను" అన్నారు.

జీవరత్నం తాళిని జేబులో వేసుకుని అందరికంటే ముందు లారీ ఎక్కాడు. మాణిక్యమ్మ ఇత్తడి గుండిగెడు పులిహోరతో ఎక్కింది. తిరునాళ్లలో పంచడానికి తెల్లవారుజామున తన చేతులతో కలిపింది. కొండ ఎక్కేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని మొక్కు.

పటమట దగ్గర లారీ ఆగిపోయింది. ముందు ఇసకేస్తే రాలని జనం. మాట్లాడే మాత తేరు వస్తోందనీ, తాగుబోతులు మారిపోయారనీ అప్పటికే బెజవాడ అంతా పాకిపోయింది. మగవాళ్లు లారీ మీదే ఉండిపోయారు. మాణిక్యమ్మ గుండిగ చంకనెత్తుకుని, జనాన్ని మోచేతులతో చీల్చుకుంటూ తేరు పక్కకు చేరింది. బాలశౌరి కారును ఆవిడ ఎన్నడూ చూసింది లేదు. కిటికీ సందు దగ్గర మోకరించి, పైకే చెప్పుకుంది.

"తల్లీ, ఆ గుణదల పిల్లతో నా కొడుకు పెళ్లి తప్పించావు. నీ మేలు మరవను. ఇక నా తమ్ముడి కూతుర్ని చేసుకునేట్టు వాడి మనసు మార్చు. తలనీలాలు ఇచ్చుకుంటాను."

వల కింద ఎలిజబెత్‌కి ఏడుపు ఠక్కున ఆగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. సరిగ్గా ఆ వేళకే తెరేసమ్మకు పూర్తిగా మెలకువ వచ్చి, సంగతి చిటికెలో పట్టేసింది.

"ఆ మీట నొక్కవే. ఎలిజబెత్‌నే కోడలిగా చేసుకో అని చెప్పు. నీ కాపురం నిలబడుతుంది" అని గుసగుసలాడింది.

"మాత పేరు పెట్టుకుని అలా చెప్తానా పెద్దమ్మా? కళ్లు పోతాయి" అంది ఎలిజబెత్.

ఇంతలో కిటికీ సందులోంచి బంగారు గాజులున్న చెయ్యి ఒకటి, విస్తరాకులో పులిహోర ముద్దను లోపలికి అందించింది. "తిను తల్లీ. నేను చేసిందే" అంది మాణిక్యమ్మ. ఎలిజబెత్ ఆ ముద్దను తీసుకుంది. వల ఎత్తి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఒక్క క్షణం ఆగింది. మీట నొక్కింది.

"ఇంత కమ్మటి పులిహోర పుట్టి బుద్ధెరిగి తినలేదు. ఈ చేతులు చల్లగుండాలి" అంది. ఆ మాట పటమట అంతా మోగింది.

పెళ్లయి ఇన్నేళ్లుగా మాణిక్యమ్మ ఆ ఇంట్లో అందరికీ వండి పెడుతోంది. మొగుడు తిని లేచేవాడు. కొడుకు పుస్తకం చూస్తూ తినేవాడు. ఆ తమ్ముడి కూతురైతే అదీ ఇదీ ఏరి పక్కన పెట్టేది. బాగుందన్న మాట ఆవిడ చెవిన పడటం ఇదే మొదలు. ఆవిడ గుండిగను పట్టుకుని బావురుమని ఏడ్చింది. వందలమంది చేతులు చాపారు. తలా మెతుకు అందుకుని, కళ్లు మూసుకుని, మాటా పలుకూ లేకుండా మింగారు. వాళ్ల భక్తికి ఆవిడ ఇంకా ఏడ్చింది.

అప్పుడు జనం తలల మీదుగా పెట్రోలు డబ్బా ఒకటి వచ్చింది, దాని వెనక, జీవరత్నాన్ని వెంటేసుకుని బాలశౌరి వచ్చాడు. నక్షత్రాన్ని లారీ మీదనుంచి చూసి గుర్తుపట్టి, చొక్కా చింపుకుని మరీ చేరాడు. ఎవరూ ఆపేలోగా తాళం తిప్పి తలుపు తీశాడు. మాత చెయ్యి పట్టుకుని, "దిగమ్మా, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు.

తల్లి దిగింది. వల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి కాటుక కారిన ఇరవై ఏళ్ల పిల్ల. మూడు ఊళ్ల జనం ఆమోసు వంక తిరిగారు. ఆమోసు ఆకాశం వంక తిరిగాడు. పొద్దుటినుంచి లాగిన మోకులు ఎవరి మెడకు బిగుస్తాయో అన్నట్టు ఉంది అక్కడి వాతావరణం. బాలశౌరి డబ్బాను గుండెలకు అడ్డం పెట్టుకున్నాడు.

"మాత పేరు చెప్పి మమ్మల్ని మోసం చేస్తారా?" అన్నాడొక యాత్రికుడు, మోకు చేతికి చుట్టుకుంటూ.

"మోసమేంటయ్యా? మాతనని ఆ పిల్ల మైకులో ఎక్కడన్నా అందా? మీరే అనుకున్నారు" అంది మాణిక్యమ్మ. అందరికంటే ముందు ఆవిడే అడ్డం నిలబడింది. ఎలిజబెత్ వైపు తిరిగి చాలాసేపు చూసింది. కొంగుతో ఆ పిల్ల మొహం తుడిచింది. "పొద్దుట్నుంచీ ఏం తిన్లేదా?" అంది.

"లేదత్తయ్యా" అంది ఎలిజబెత్.

"గురువుగారు ఎక్కడున్నారో పిలవండి. జీవరత్నం, ఆ తాళి ఇటు తే" అంది మాణిక్యమ్మ.

అంతదూరం లాగి పెళ్లి చూడకుండా పోవడం ఎవరికీ నచ్చలేదు. వాళ్లే మళ్లీ మోకులు పట్టారు. క్యాడిలాక్ గుణదల చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అక్కడి గురువుల్ని బతిమాలి, పక్క పీఠం దగ్గర, మూడు ఊళ్ల జనం సాక్షిగా జీవరత్నం తాళి కట్టాడు. మాణిక్యమ్మ ఆనందం పట్టలేక, మొక్కు మార్చి, తలనీలాలు ఎలాగూ ఇచ్చేసింది. మేనమామ మాత్రం లోపలికి రాలేకపోయాడు. కారు గుడి మలుపు దగ్గర ఇరుక్కుంది.

మర్నాడు నుదుట విభూది పెట్టించుకునే ముందు, కొత్తకోడలు ఎవరూ చెప్పకుండానే పాపసంకీర్తనానికి వెళ్లి మోకరించింది. ఆమె ఒప్పుకున్న పాపం ఒక్కటే. ఆ పులిహోరలో ఉప్పు లేదు.